పని అప్పగించండి, భాగస్వామి దొరుకుతాడు

నైపుణ్య శిక్షణ సంస్థ మొదలుపెట్టడానికి రెండు గదులు, పది కుట్టుమిషన్లు, నాలుగు కంప్యూటర్లు, గుమ్మం మీద ఒక బోర్డు చాలు. అది పదేళ్లు నిలబడాలంటే మాత్రం ఊరు కావాలి. ప్రారంభోత్సవానికి వచ్చి వేదికెక్కినవాళ్లలో ఎంతమంది ఆరు నెలల తర్వాత మళ్లీ ఆ గడప తొక్కారో చూస్తే చాలు, ఆ సంస్థ ఎంతకాలం నడుస్తుందో అంచనా వేయొచ్చు.

వికారాబాద్‌లోనో తాండూరులోనో యువతకు పని నేర్పే స్వచ్ఛంద సంస్థను నడుపుతున్నవాళ్ల కోసం, నడపాలనుకుంటున్నవాళ్ల కోసం ఈ అధ్యాయం రాస్తున్నాను. శిక్షకుల జీతాలు చూడాలి. కరెంటు బిల్లు కట్టాలి. బ్యాచి నిండాలి. నేర్చుకున్నవాళ్లకు పని చూపించాలి. ఇన్ని బాధ్యతల మధ్య ఎవరైనా భాగస్వామ్యం గురించి మాట్లాడితే మనకు ముందుగా గుర్తొచ్చేది చందా పుస్తకం. దాతల జాబితా రాసుకుని, విజ్ఞప్తి పత్రం పట్టుకుని బయల్దేరతాం. ఒకరు ఐదు వేలు ఇస్తారు, ఒకరు పాత కంప్యూటరు ఇస్తారు, ఇంకొకరు చూద్దాం అంటారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే జాబితా, అదే పత్రం.

ఈ అధ్యాయం మొత్తంలో నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. డబ్బు అడిగితే దాత దొరుకుతాడు, పని అప్పగిస్తే భాగస్వామి దొరుకుతాడు. దాత తన వంతు ఇచ్చేసి తన పనిలో పడిపోతాడు. భాగస్వామికి మీ సంస్థలో తాను మోయాల్సిన బాధ్యత ఒకటి ఉంటుంది. అందుకే మీరు పిలవకపోయినా వస్తాడు.

ముందు ఊరిని చదవండి

వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. జిల్లా కేంద్రం వికారాబాద్. కలెక్టరేటు, జిల్లా కార్యాలయాలు ఉన్న ఊరు, పర్లి వైజ్‌నాథ్ వైపు రైలు మార్గం చీలే జంక్షను. ఊరి పక్కనే మూసీ పుట్టిన అనంతగిరి కొండలు, అనంత పద్మనాభస్వామి ఆలయం. శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి వచ్చే జనం వల్ల చుట్టుపక్కల రిసార్టులు, హోటళ్లు పెరిగాయి. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న తాండూరు బతుకు తీరు వేరు. నాపరాయి గనులు, బండలను కోసి నునుపు చేసే పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు కర్మాగారాలు, కందుల మార్కెట్టు. కర్ణాటక సరిహద్దు పక్కనే కాబట్టి తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ రోజూ వినిపిస్తాయి.

ఒకే జిల్లాలోని ఈ రెండు ఊళ్లలో ఒకే కోర్సు పెట్టి, ఒకే కరపత్రం పంచితే రెండు చోట్లా పని జరగదు. వికారాబాద్‌లో వంట, గదుల నిర్వహణ, పర్యాటకులకు దారి చూపే పని, దుకాణాల్లో బిల్లింగు లాంటివి తొందరగా ఉపాధి చూపించవచ్చు. తాండూరులో మోటారు వైండింగు, వెల్డింగు, మిషన్ల మరమ్మతు, లారీ డ్రైవింగు, యూనిట్లకు జీఎస్టీ లెక్కలు రాయడం లాంటివి అక్కరకు రావచ్చు. నేను ‘వచ్చు’ అంటున్నాను, ‘వస్తాయి’ అని తేల్చడం లేదు. తేల్చాల్సింది మీరు, అదీ గది బయట తిరిగి.

ఈ పద్ధతికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. డాక్టర్ కె. అంజిరెడ్డి 1996లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1999లో ‘ల్యాబ్స్’ పేరుతో యువతకు ఉపాధి శిక్షణ మొదలుపెట్టింది. వాళ్లు కోర్సు నిర్ణయించేముందు ఆ ఊరి మార్కెట్టును చదివేవారు. ఏ దుకాణానికి, ఏ కంపెనీకి ఎలాంటి మనిషి కావాలో అడిగి తెలుసుకుని, దాన్నిబట్టే పాఠం తయారుచేసేవారు. తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామీణ యువత కోసం చేపట్టిన ఉపాధి కల్పన కార్యక్రమం కూడా ఈ నమూనా నుంచే నేర్చుకుంది.

మీరు చేయాల్సింది ఇది. ఒక నోటు పుస్తకం తీసి నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో పేరు రాయండి: మహిళా సంఘం, పాలిషింగ్ యూనిట్ల యజమానుల సంఘం, ఆర్టీసీ డిపో, జూనియర్ కళాశాల, మసీదు కమిటీ, చర్చి, మున్సిపల్ వార్డు, బ్యాంకు శాఖ. రెండో గడిలో వాళ్ల దగ్గర ఏముందో రాయండి: ఖాళీ హాలు, పాత మిషను, నమ్మకం, వాహనం, అనుభవం, జనాన్ని పిలవగల శక్తి. మూడో గడిలో వాళ్ల ఇబ్బంది ఏమిటో రాయండి. నాలుగో గడి ‘మనం అప్పగించగల పని’. మూడో గడి నిండకుండా నాలుగో గడి రాయకండి. అవతలివాళ్ల ఇబ్బంది తెలియకుండా అప్పగించే పని వాళ్లకు భారం అవుతుంది. దాన్ని తీర్చే పనైతే వాళ్లు తమ సొంత పనిగా చేస్తారు.

కంది చెప్పే పాఠం

భాగస్వామ్యం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి తాండూరువాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. తాండూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం, ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం దానికి అండగా నిలిచాయి. రైతుల దగ్గర తరాల సాగు అనుభవం ఉంది. కానీ తమ కంది రుచి ఎందుకు వేరో కాగితం మీద రుజువు చేయడం వాళ్ల వల్ల కాదు. శాస్త్రవేత్తలు ఇక్కడి నేలలోని ఖనిజాలను, గింజలోని మాంసకృత్తులను పరీక్షించి చెప్పగలరు. కానీ శాస్త్రవేత్తల నివేదిక ఒక్కటే ఉంటే ఈ పంట మాది అని నిలబడే రైతు సమూహం ఉండదు. ఎవరి పని వాళ్లు చేశారు కాబట్టే గుర్తింపు వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే, ఈ ప్రాంతంలోనే మరో పెద్ద ఉదాహరణ ఉంది. నేటి వికారాబాద్ జిల్లాలో చాలా భాగం అప్పట్లో రంగారెడ్డి జిల్లా. 1981లో మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట ఏర్పడిన ఎంవీ ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లలను పని మాన్పించి బడికి పంపే ఉద్యమం నడిపింది. బడి బయట ఉన్న పిల్లలందరూ బాల కార్మికులే అన్నది వాళ్ల సూత్రం. ఆ సంస్థ తన కార్యకర్తలతోనే అంతా చేయాలనుకోలేదు. పిల్లలను వెతికే పని ఊరి యువకులకు ఇచ్చింది. వాళ్లను తరగతిలో నిలబెట్టే పని ప్రభుత్వ ఉపాధ్యాయులకు ఇచ్చింది. ఆ ఉపాధ్యాయులు బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడ్డారు. పంచాయతీలు, తల్లిదండ్రులు ఎవరి వంతు వాళ్లు పంచుకున్నారు. పిల్లలను పనిలో పెట్టుకున్న యజమానులను కూడా శత్రువులుగా చూడకుండా, పిల్లలను విడిచిపెట్టినవాళ్లను నలుగురిలో గౌరవించారు. ఈ కృషికి సారథి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

యజమానిని సైతం కలుపుకుపోయిన ఆ తీరును మీరు గట్టిగా పట్టుకోవాలి. శిక్షణ సంస్థకు అక్కర్లేని మనిషి ఊళ్లో ఉండడు. ఎవరికి ఏ పని అన్నదే తేలాలి.

మొదటి గడప: మహిళా సంఘం

అమ్మాయిల బ్యాచి నిండాలంటే మైకు పెట్టిన ఆటో ఊరంతా తిరిగితే సరిపోదు. తల్లి సరే అనాలి. తల్లి మాట వినిపించే చోటు మహిళా సంఘం సమావేశం. పల్లెలో అయితే గ్రామ సంఘం, దాని పనులు చూసే వీవోఏ. పట్నంలో అయితే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) కింది సమాఖ్య, దాని రిసోర్స్ పర్సన్ (ఆర్పీ). ముందు వీళ్లను కలిసి సమావేశం ఎప్పుడో కనుక్కోండి. మీ కోసం ప్రత్యేకంగా సమావేశం పెట్టమని అడగకండి. వాళ్ల సమావేశానికే మీరు వెళ్లండి.

అక్కడ ఎలా ఉంటుందో కళ్ల ముందు ఉంచుకోండి. పనుల నుంచి వచ్చి, పొయ్యి మీద అన్నం పెట్టి, హడావుడిగా వచ్చిన పది పన్నెండు మంది. కింద పరిచిన జంపఖానా. మధ్యలో తీర్మానాల పుస్తకం, పొదుపు డబ్బు, పాస్‌పుస్తకాలు. ముందు పొదుపు లెక్క, తర్వాత అప్పుల వాయిదాలు, ఎవరు కట్టారు, ఎవరు ఆగారు. అది పూర్తయ్యేదాకా మీ మాట వినే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకని కూర్చోండి, కుర్చీ తెస్తామన్నా వద్దని జంపఖానా మీదే కూర్చోండి. లెక్క ముగిశాక పది నిమిషాలు మాట్లాడండి. కోర్సు గొప్పదనం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, మిగతా ఎనిమిది నిమిషాలు వినండి.

అప్పుడు అసలు మాట వస్తుంది. “పిల్ల ఒక్కతే బస్సుల ఎట్ల వస్తది సారూ? పొద్దుగూకకముందే ఇంటికి రావాలె.” ఆ ఒక్క మాటలో మీ కోర్సు వేళలన్నీ ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. టికెట్టు ఖర్చు పోయింది. బస్సు వేళ మాత్రం మిగిలింది. కాబట్టి సంఘం నుంచి నేరుగా డిపోకి వెళ్లండి. ఏ ఊరికి చివరి బస్సు ఎప్పుడో రాసుకుని, దానికి గంట ముందు తరగతి ముగిసేలా వేళలు పెట్టండి. కొద్దిమంది పిల్లలకు ఒకే దారిలో ఇబ్బంది ఉంటే, సంఘం లెటర్‌హెడ్ మీద సంతకాలతో డిపో మేనేజరుకు విన్నపం ఇప్పించండి. మీరు రాసిన లేఖ కన్నా ఆ సంతకాలకు బరువెక్కువ.

ఇక అప్పగించాల్సిన పని. ప్రతి గ్రామ సంఘం నుంచి ఇద్దరు అక్కలను ఎంచుకోమనండి. తమ ఊరి పిల్లలు వరుసగా మూడు రోజులు రాకపోతే ఇంటికి వెళ్లి కారణం కనుక్కోవడం వాళ్ల పని. మీరు హాజరు పట్టీని వారానికోసారి వాళ్లకు పంపండి. పెళ్లి సంబంధం వచ్చిందా, పత్తి ఏరడానికి వెళ్లిందా, ఎవరైనా ఏడిపించారా అన్నది మీకన్నా ముందు వాళ్లకు తెలుస్తుంది. చాలాసార్లు దారి కూడా వాళ్లే చూపిస్తారు. పత్తి ఏరే రోజుల్లో, కంది కోతల్లో కొత్త బ్యాచి మొదలుపెట్టొద్దని వాళ్లే చెబుతారు. వినండి.

రెండో గడప: పని ఇచ్చేవాళ్లు

తాండూరులో ఒక పాలిషింగ్ యూనిట్‌లోకి అడుగుపెడితే ముందు చెవులు దిమ్మెక్కుతాయి. బండ మీద మిషను తిరుగుతుంటే పైపుతో నీళ్లు పడుతూనే ఉంటాయి. ఆ నీళ్లు తెల్లటి బురదై కాలవలోకి జారతాయి. ఒక పక్క నీలం రంగు బండలు, ఒక పక్క పసుపు రంగు బండలు నిలబెట్టి ఉంటాయి. అవతల లారీకి లోడు పడుతూ ఉంటుంది. అలాంటి చోటికి ఫైలు పట్టుకుని వెళ్లి, మా పిల్లలకు ఉద్యోగాలు ఇవ్వండని అడిగితే యజమాని పని ఆపి మీ వంక చూస్తాడు గానీ, మనసు ఇవ్వడు.

ఇలా అడిగి చూడండి. “సేటూ, మీ దగ్గర ఇప్పుడు ఏ పనికి మనిషి దొరకడం లేదు? పోయిన నెలలో ఎన్ని రోజులు మిషను ఆగింది? ఎందుకు ఆగింది?” మోటారు కాలితే బాగుచేసేవాడు దొరకలేదంటాడు, లేదా లెక్కలు రాసే కుర్రాడు మానేశాడంటాడు, లేదా కొత్తగా వచ్చినవాడు వారంలో పారిపోతున్నాడంటాడు. ఏది చెబితే అది రాసుకోండి. పది యూనిట్లు తిరిగితే ఏ కోర్సు పెట్టాలో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తర్వాత పని అప్పగించండి. పాఠ్యాంశాలు రాసే రోజున ఇద్దరు అనుభవమున్న మేస్త్రీలను పిలవండి. బ్యాచి చివర పరీక్ష పెట్టేది కూడా వాళ్లూ, యూనిట్ యజమానీ కావాలి. జర్మనీలో వృత్తి శిక్షణకు 1969 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. అక్కడ యువత వారంలో ఎక్కువ రోజులు కంపెనీలో, కొన్ని రోజులు వృత్తి పాఠశాలలో నేర్చుకుంటారు. పరీక్ష సంఘంలో యజమానుల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు, ఉపాధ్యాయులు ముగ్గురూ కూర్చుంటారు. పరీక్ష తానే పెట్టిన యజమాని, ఆ పరీక్షలో నెగ్గిన పిల్లవాణ్ణి మళ్లీ అనుమానించడు. ఈ ఒక్క పద్ధతి తాండూరులో రేపే మొదలుపెట్టవచ్చు, దానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు.

పెద్ద కర్మాగారాలతో మాట్లాడేటప్పుడు అప్రెంటిస్‌షిప్‌ల గురించి అడగండి. 1961 అప్రెంటిస్ చట్టం కింద, 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 4 నుంచి 29 మంది ఉన్న చిన్న యూనిట్లు ఇష్టమైతే తీసుకోవచ్చు. చాలామంది చిన్న యజమానులకు ఈ వెసులుబాటు తెలియదు, తెలిసినా ఆన్‌లైన్ నమోదు వాళ్లకు తలనొప్పి. ఆ నమోదు పని మీరు చేసిపెడితే మూడో గడిలో రాసుకున్న వాళ్ల ఇబ్బంది ఒకటి తీరుతుంది.

పిల్లలను పనికి పంపేముందు ఒక జాగ్రత్త మరవొద్దు. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పిల్లలను పంపే ప్రతి యూనిట్‌లోనూ నీళ్లు పోసి కోస్తున్నారా, ముక్కుకు తగిన మాస్కులు, చెవులకు రక్షణ ఇస్తున్నారా, మిషను బెల్టుకు కవచం ఉందా, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఉందా అని మీరే వెళ్లి చూడాలి. పది మంది, అంతకు మించి పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. ఇవి లేనిచోటుకు ఎంత జీతం ఇస్తానన్నా పిల్లలను పంపొద్దు. ఒక్క ప్రమాదం జరిగితే మహిళా సంఘాల్లో మీరు సంపాదించిన నమ్మకమంతా ఒక్క రోజులో పోతుంది.

మూడో గడప: కార్యాలయాలు, కంపెనీ నిధులు

ప్రభుత్వ కార్యాలయాల్లో పని జరగాలంటే మూడు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, మీ పత్రం ఒక్క పేజీ దాటకూడదు: ఎవరికి, ఏ పని, ఎన్ని రోజులు, ఆ కార్యాలయం నుంచి ఏం కావాలి. రెండోది, అధికారులు బదిలీ అవుతారు, కాబట్టి నోటిమాటగా ఒప్పుకున్న ప్రతిదానికీ కాగితం తీసుకోండి. మూడోది, ఆ కార్యాలయానికి ఇప్పటికే ఉన్న పథకాన్ని ముందు చదువుకుని వెళ్లండి. తనకు కొత్త పని పెట్టినవాడి కన్నా, తాను చేయాల్సిన పనికి సాయం చేసినవాణ్ణే అధికారి ఎక్కువ ఆదరిస్తారు.

ఉదాహరణకు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల మంజునాథేశ్వర ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి రుడ్‌సెటి స్థాపించాయి. ధర్మస్థలకు ఊరి నమ్మకం ఉంది, బ్యాంకులకు రుణం ఇచ్చే శక్తి ఉంది. ఆ రెండూ కలిసినప్పుడు నిరుద్యోగికి శిక్షణా, పెట్టుబడీ రెండూ అందాయి. ఆ నమూనా నచ్చి కేంద్రం 2009 నుంచి జిల్లాకొకటి చొప్పున ఇలాంటి సంస్థలను బ్యాంకుల చేత పెట్టిస్తోంది. శిక్షణ ఉచితం. ముగిశాక రెండేళ్ల పాటు వెన్నంటి ఉండటం వాళ్ల విధానం. మీ దగ్గర కుట్టు నేర్చుకున్న అమ్మాయి సొంత దుకాణం పెట్టుకోవాలనుకుంటే అక్కడికి పంపండి. వాళ్లు చేసేదే మీరూ చేస్తూ పోటీ పడకండి.

ఇప్పుడు కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధుల సంగతి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ చేరిన లేదా దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. ఆ పనుల జాబితాలో వృత్తి నైపుణ్యాలూ ఉన్నాయి. కంపెనీ తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది. తాండూరులో సిమెంటు కర్మాగారం ఉన్న కంపెనీ ముందు ఈ మాట మర్యాదగా గుర్తుచేయడానికి మీకు హక్కుంది. అయితే మీ సంస్థకు ముందే కొన్ని అర్హతలు ఉండాలి: 12ఎ, 80జి నమోదులు, ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం, 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయిన సీఎస్ఆర్-1 నమోదు. ఇవి లేకుండా తిరిగితే చెప్పులరగడమే. ఈ ఏడాది ముందు కాగితాలు సరిచేసుకోండి.

గనులున్న జిల్లా కాబట్టి జిల్లా ఖనిజ ఫౌండేషన్ కూడా మీకు తెలియాలి. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో ఇది వచ్చింది. తవ్వకందారులు కట్టే సొమ్ముతో గనుల ప్రభావం పడిన ఊళ్లకు మేలు చేయాలన్నది దీని ఉద్దేశం. ప్రాధాన్య రంగాల్లో తాగునీరు, ఆరోగ్యం, చదువులతో పాటు నైపుణ్యాభివృద్ధి కూడా ఉంది. ఈ నిధి కోసం మీరొక్కరే వెళ్లడం కన్నా, గని పక్క ఊరి గ్రామసభ తీర్మానంతో, సర్పంచితో కలిసి కలెక్టరేటుకు వెళ్లండి. అడుగుతున్నది ఊరు, చేసిపెట్టేది మీరు అని అక్కడివాళ్లకు స్పష్టంగా కనిపించాలి.

కంపెనీని కలిసిన మొదటి రోజే డబ్బు మాట ఎత్తకండి. వాళ్ల ఇంజినీరు నెలకు రెండు గంటలు వచ్చి పాఠం చెప్పగలడా, పక్కన పెట్టిన పాత మిషను ఇవ్వగలరా, పిల్లలకు ఒక రోజు కర్మాగారం చూపించగలరా అని అడగండి. ఇంజినీరు మీ పిల్లలను పేరుతో పిలిచే స్థితి వచ్చాక, నిధుల పత్రాన్ని లోపల నుంచి బలపరిచేది ఆయనే.

ఒప్పందం రాసుకోండి

మనవాళ్లకు నోటిమాట మీద పని నడిపించడం అలవాటు. అంతా బాగున్నప్పుడు అది చాలు. గొడవ వచ్చాక కాగితం రాద్దామనుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ప్రతి భాగస్వామితోనూ, గుడి కమిటీ హాలు ఇచ్చినా సరే, ఒక పేజీ తెలుగులో రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. అందులో ఆరు విషయాలు ఉండాలి:

1. మనం కలిసి ఎవరికి, ఏ పని నేర్పుతున్నాం.
2. మీరు చేసేది ఏమిటి, మేము చేసేది ఏమిటి, ఏ తేదీకల్లా.
3. డబ్బు ఎవరి ఖాతాలోకి వస్తుంది, లెక్క ఎవరికి ఎప్పుడు చూపించాలి.
4. పిల్లల వివరాలు, ఫొటోలు ఎవరి అనుమతితో ఎక్కడ వాడాలి.
5. ఫిర్యాదు వస్తే ఎవరు వింటారు.
6. ఇద్దరిలో ఎవరైనా విరమించుకోవాలనుకుంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, నడుస్తున్న బ్యాచి సంగతేమిటి.

ఆరో విషయాన్ని మొహమాటంతో వదిలేయకండి. విడిపోయే దారి ముందే రాసుకున్నవాళ్లు మధ్యలో పిల్లలను నడిరోడ్డున వదలరు.

ఎవరిని కాదనాలి

వచ్చిన ప్రతి చేతినీ పట్టుకోనక్కర్లేదు. పిల్లల దగ్గర నియామకం పేరుతో డబ్బు వసూలు చేసే మధ్యవర్తిని దగ్గరికి రానివ్వకండి. హాజరు పట్టీలో లేని పేర్లు రాయమనేవాళ్ల గ్రాంటు ఎంత పెద్దదైనా వద్దనండి. ఎన్నికల ముందు సభకు పిల్లలను తీసుకురమ్మనేవాళ్లకు, ఏ పార్టీవాళ్లయినా, నమస్కారం పెట్టి ఇది శిక్షణ కేంద్రమని చెప్పండి. ఒకే కులానికో ఒకే మతానికో సీట్లన్నీ ఇవ్వమని షరతు పెట్టేవాళ్ల హాలు మనకొద్దు. అందరి ఊళ్లో అందరి సంస్థగా ఉండటమే మీ అసలు పెట్టుబడి. అందుకే అనంతగిరిలో కార్తీక జాతర జరిగేటప్పుడూ, నవంబరులో ధారూరు మెథడిస్టు క్రైస్తవ జాతర జరిగేటప్పుడూ, శుక్రవారం నమాజు ముగిశాక మసీదు బయటా ఒకే కరపత్రం పంచండి. తాండూరులో దాన్ని తెలుగులో, ఉర్దూలో, కన్నడంలో అచ్చువేయించండి.

మాట నిలబెట్టుకోండి

ఇల్లు అలకగానే పండగ కాదు. సర్టిఫికెట్లు ఇచ్చిన రోజుతో మీ బాధ్యత ముగిసిందనుకుంటే భాగస్వాములూ అలాగే అనుకుంటారు. ప్రతి విద్యార్థికీ మూడో నెలలో, ఆరో నెలలో, పన్నెండో నెలలో ఫోను చేయండి: పనిలో ఉన్నారా, జీతం ఎంత, మానేస్తే ఎందుకు. ఆ జవాబులను మూడు నెలలకోసారి భాగస్వాములందరినీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పండి. మహిళా సంఘం అక్క, పాలిషింగ్ యూనిట్ యజమాని, బ్యాంకు మేనేజరు, కళాశాల అధ్యాపకుడు ఒకే వరుసలో కూర్చోవాలి. పూలదండలు, వేదిక, ఉపన్యాసాలు వద్దు. గంటన్నర చాలు.

ఆ సమావేశంలో చెడు వార్తను దాచకండి. సగం మంది మొదటి నెలలోనే పని మానేస్తే, ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. సేటు ఆ మాట విని జీతం ఇచ్చే తేదీ మారుస్తానంటాడేమో, అక్క మేము ఇళ్లకు వెళ్లి మాట్లాడతామంటుందేమో. బాగున్న లెక్కలు మాత్రమే చూసిన మనిషి చప్పట్లు కొట్టి వెళ్లిపోతాడు. కష్టం కూడా తెలిసినవాడు దాన్ని తీర్చే దారి వెతుకుతాడు.

మొదటి 90 రోజులు

మొదటి నెలలో ఎవరినీ ఏమీ అడగకండి. పది యూనిట్లో దుకాణాలో, ఐదు సంఘం సమావేశాలు, బస్ డిపో, కళాశాల తిరిగి నోటు పుస్తకంలో మూడు గళ్లు నింపండి. రెండో నెలలో నాలుగో గడి రాసి, ముగ్గురంటే ముగ్గురితో ఒక పేజీ ఒప్పందం చేసుకోండి: పిల్లలను పంపేవాళ్లు ఒకరు, పని ఇచ్చేవాళ్లు ఒకరు, హాలో మిషనో ఇచ్చేవాళ్లు ఒకరు. మూడో నెలలో పదిహేను మందితో చిన్న బ్యాచి నడిపి, పరీక్ష ఆ యజమాని చేతే పెట్టించి, మొదటి ఉమ్మడి సమావేశం జరపండి. పాతికమంది భాగస్వాముల పేర్లు బోర్డు మీద రాయించుకోవడం కన్నా ఈ ముగ్గురి మధ్య నమ్మకం గట్టిపడటం ముఖ్యం. నాలుగో భాగస్వామిని వెతికి తెచ్చే పని ఆ ముగ్గురికే అప్పగించండి.

మీరు నడుపుతున్న సంస్థ మీ ఒక్కరి భుజాల మీద ఉన్నంతకాలం మీకు జ్వరం వస్తే అది ఆగిపోతుంది. పదిమంది తలా ఒక చేయి వేసిన సంస్థ మీరు లేని రోజున కూడా తలుపు తీస్తుంది. అలాంటి సంస్థను కట్టడానికి వికారాబాద్‌లోనూ తాండూరులోనూ కావలసిన మనుషులందరూ ఉన్నారు. వాళ్లు మీ విజ్ఞప్తి పత్రం కోసం ఎదురుచూడటం లేదు. తమ చేతనయ్యే పని ఒకటి అప్పగిస్తే చేయడానికి సిద్ధంగా ఉన్నారు. పుస్తకం ఇక్కడ పక్కన పెట్టి, నోటు పుస్తకం తీసి నాలుగు గళ్లు గీయండి. మొదటి పేరు ఈ రోజే రాయండి, ఈ వారంలోనే వెళ్లి కలవండి.